అడగని పేజీలు

జూన్ 2, సోమవారం

మందుల కంపెనీవాళ్ళు ఉచితంగా ఇచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి ఖాళీగానే పడి ఉంది. కంప్యూటర్లో రాసుకోవచ్చు కానీ, మా ల్యాబ్‌లో ఎవరి కంప్యూటర్లో ఏముందో కావాలనుకుంటే చూడొచ్చు. ఆ తాళాలన్నీ పెట్టింది నేనే కాబట్టి నాకు తెలుసు. అందుకే కాగితం, పెన్ను. ఇక్కడ ఎవరినీ గారూ గీరూ అనక్కర్లేదు.

కొత్త సిస్టమ్ ఈ రోజు మూడు బ్రాంచిల్లోనూ మొదలైంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. పాత రిపోర్టులన్నీ ఎక్కించడంతో కలిపి ఆరు నెలల పని. పొద్దున డాక్టర్ రమాదేవి కొబ్బరికాయ కొట్టించి, నా కీబోర్డుకి కుంకుమ పెట్టించింది. షిఫ్ట్ మీట ఇంకా ఎర్రగానే ఉంది. ఆరు నెలలకి నాకు దక్కిన సన్మానం అదీ.

ల్యాబ్ ఆమెది కాబట్టి కోరికలు కూడా ఆమెవే. "ఒక పేషెంటుని తెరిస్తే ఆ ఇంటి సంగతంతా నాకు కనపడాలమ్మా శైలజా. ఎవరికి సుగర్, ఎవరికి థైరాయిడ్, అంతా. ఒక్కొక్కటీ వెతుక్కుంటా కూర్చోలేను నేను."

మా డేటాబేస్‌లో మనిషికొక పత్రం. అందులో ఆ మనిషి రిపోర్టులు ఉండవు, వాటి నంబర్లు ఉంటాయి. ఇంట్లోవాళ్ళు ఉండరు, వాళ్ళ పత్రాల నంబర్లు ఉంటాయి. కావలసినప్పుడు ఆ నంబర్లు పట్టుకుని విడిగా తెచ్చుకోవాలి. లేదంటే ఒక్క వరుస కోడ్ రాస్తే చాలు, పత్రం తెరవగానే దానికి సంబంధించినవన్నీ అడగకుండానే వచ్చేస్తాయి. ఆటో లోడ్ అంటారు. నేను ఆ వరుస రాశాను. డాక్టరమ్మ స్క్రీన్ చూసి సినిమా చూసినంత సంతోషపడింది.

నా కింద పనిచేసే డేవిడ్ మాత్రం గొణిగాడు. "ఎవరికి ఏది కావాల్నో అది తెచ్చుకుంటే చాలు కద మేడమ్? అన్నీ యాల తేవల్ల?"

డేవిడ్‌ది పరిగి. ఇరవై రెండేళ్ళు ఈ ల్యాబ్‌లోనే జనం చేతుల్లోంచి రక్తం తీసి, నలభై దాటాక వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. నేను బెంగళూరులో ఎమ్‌సీఏ చదివి, అక్కడే ఏడేళ్ళు పనిచేసి వచ్చాను. "డేవిడ్ గారూ, సూది గుచ్చడంలో సందేహం వస్తే తప్పకుండా మిమ్మల్నే అడుగుతాను" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఈ మనిషికి అవమానించినా అర్థం కాదు.

జూన్ 5, గురువారం

పొద్దున్నుంచి సర్వర్ మూడుసార్లు నిలిచిపోయింది. మూడుసార్లూ ధర్మవరం నుంచే, ఒకే పేరు తెరిచినప్పుడే. కావ్య, ఇరవై నాలుగేళ్ళు.

నా ఫామ్‌లో ఒక నియమం ఉంది. ఇద్దరి మధ్య సంబంధం ఒకరి పత్రంలోనే రాయాలి. భార్య పత్రంలో భర్త పేరు రాస్తే, తిరిగి భర్త పత్రంలో భార్య పేరు రాయనివ్వదు. రెండువైపులా రాస్తే ఒకదాన్నొకటి లాక్కుంటూ తిరుగుతాయని అలా పెట్టాను. బాగానే ఆలోచించాను. కానీ కావ్య పత్రంలో "భర్త: ఓబులేసు" అని ఉంది. ఓబులేసు పత్రంలో "అక్క కూతురు: కావ్య" అని ఉంది. భార్య అంటే ఫామ్ అడ్డుపడేది. అక్క కూతురు అంటే రానిచ్చింది. ఇంకేముంది, ఆమె వెంట అతను, అతని వెంట ఆమె, మళ్ళీ అతను. తిరిగి తిరిగి సర్వర్ పడిపోయింది.

ఈ వివరాలు ఎక్కించింది ధర్మవరం కౌంటర్లో కూర్చునే రుక్సానా. నోరు ఆగదు ఆమెకి. వచ్చిన ప్రతివాళ్ళనీ అవ్వా, అత్తా, అన్నా అని వరస కలిపి పలకరిస్తుంది. ఫోన్ చేశాను.

"ఒక మనిషికి రెండు వరసలెందుకు పెట్టావు?"

"వాళ్ళు చెప్పిందే పెట్టినా అక్కా. ఆ పాపకి మేనమామే మొగుడు. వాళ్ళ అవ్వే అత్త. మా వీధేలే వాళ్ళది, నాకు తెలుసు."

"ఏదో ఒకటి పెట్టలేవా?"

"రెండూ నిజమే గదక్కా. ఏది తీసేసేది?"

ఫోన్ పెట్టేశాను. ఇంటర్ చదివిన మనిషితో వాదనేమిటి. అయినా ఈ ఊళ్ళవాళ్ళకి వేరే సంబంధాలే దొరకవా?

(మా అమ్మకి మా నాయన మేనమామే. ఫామ్ తయారుచేసేటప్పుడు నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా రాయను.)

డేవిడ్ వచ్చి ఆటో లోడ్ తీసేద్దామన్నాడు. "లేకుంటే ఒక్క అంచెకే ఆపుదాం మేడమ్. ఇంట్లో ఎవరెవరు ఉండారో పేర్లు వస్తాయి, రిపోర్టులు రావు. కావాల్నంటే డాక్టరమ్మ నొక్కి చూసుకుంటాది." అతనికి భయం, నాకు పని తెలుసు. రెండంచెలకి ఆపాను. మనిషి నుంచి ఇంట్లోవాళ్ళకి ఒక అంచె, వాళ్ళ నుంచి వాళ్ళ రిపోర్టులకి రెండో అంచె, అక్కడితో సరి. సర్వర్ నిలబడింది, డాక్టరమ్మకి కావలసిందీ మిగిలింది. రెండు నేనే పెట్టాను, పది నిమిషాల్లో. డేవిడ్‌కి రెండు రోజులు పట్టేది.

జూన్ 9, సోమవారం

డాక్టరమ్మ మెచ్చుకుంది. "హిందూపురంలో ఇట్లాంటిది ఎవరి దగ్గరా లేదు శైలజా." లేదు మరి. హిందూపురంలో ఏముందని.

జూన్ 11, బుధవారం

రుక్సానా వాట్సాప్‌లో ఏదో పెట్టింది, ప్రింటులో ఎక్కువ పేజీలు వస్తున్నాయట. ఈ కౌంటర్లవాళ్ళకి ప్రింటరు కూడా నేనే నేర్పాలి. గట్టిగానే జవాబిచ్చాను. ఇంకోసారి అడగదు.

జూన్ 18, బుధవారం

ధర్మవరంలో గొడవ.

నిన్న ఎల్లమ్మ అనే పెద్దామె సుగర్ పరీక్షకి వచ్చింది. ఈ కావ్యకి అవ్వా, అత్తా రెండూ ఆమే. ఓబులేసు ఆమె కొడుకు, మగ్గం నేస్తాడు. రిపోర్టు ప్రింటు తీసి, పిన్ను కొట్టి ఇచ్చారు. ఆమెకి చదువు రాదు. మాత్రలు కొనడానికి పోయి, మందుల షాపులో చదివి చెప్పమంది. షాపువాడు మొదటి పేజీ చదివాడు, సుగర్. రెండో పేజీ చదివాడు, అదీ సుగరే. మూడో పేజీ కూడా చదివాడు. గట్టిగా, పదిమంది ఉండగా.

మూడో పేజీ ఓబులేసుది. పిల్లలు పుట్టడం గురించి చేయించుకున్న పరీక్ష. మార్చిలో ధర్మవరంలో చేయించుకోకుండా, ఎవరికీ తెలియకూడదని రైలెక్కి హిందూపురం దాకా వచ్చి చేయించుకున్నాడు. లోపం అతనిలోనే ఉందని అందులో ఉంది. పెళ్ళయి మూడేళ్ళు. ఇన్నాళ్ళూ అందరూ ఆ పిల్లనే అంటున్నారట.

ఓబులేసు సాయంత్రం కౌంటర్ దగ్గరికి వచ్చి అద్దం పగలగొట్టాడు. రుక్సానాది వాళ్ళ వీధే కాబట్టి, ఆమే కావాలని ఆ కాగితం పెట్టి పంపిందని వాళ్ళ ఇంట్లో అంటున్నారు. వీధంతా అదే అంటోంది.

డాక్టరమ్మ ఫోన్లో అడిగింది. "సాఫ్ట్‌వేర్‌లో ఏమన్నా తప్పుందా శైలజా?"

"సాఫ్ట్‌వేర్ అడిగినదే ఇస్తుంది మేడమ్" అన్నాను.

ఆ మాట నిజమే. రుక్సానా ఏం నొక్కిందో ఎవరు చూశారు?

జూన్ 19, గురువారం

రుక్సానాను తీసేశారు.

జూన్ 20, శుక్రవారం

ఇందులో నా ప్రమేయం ఎంత అని ఆలోచిస్తే, ఏమీ లేదు. పత్రంతో పాటు ఏవేవో వస్తాయి, రానీ. వచ్చినవన్నీ అచ్చు వేయమని ఎవరు చెప్పారు? ప్రింటు ఫామ్ రాసింది డేవిడ్. డాక్టరమ్మ స్క్రీన్ కోసం తెచ్చినవాటిని పేషెంటు కాగితం మీదికి ఎక్కించింది అతని ఫామే. అసలు ఆ అంచెల గోల మొదలుపెట్టింది కూడా అతనే. ఒకటి, రెండు అని లెక్కలు చెప్పింది అతనే కదా. నాకు గుర్తున్నంతవరకు రెండు అన్నది కూడా అతనే.

రుక్సానా సంగతి అంటారా, వీధిలో అందరి సంగతులూ మాట్లాడే మనిషిని వీధి నమ్మకపోతే అది నా తప్పా? ఇచ్చేముందు కాగితాలు చూసుకోవాలి. పాతికమంది వరసలో నిలబడి ఉన్నారట. ఉంటారు, ల్యాబ్ అన్నాక.

మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు ఆటో లోడ్ తీసేశాను. ఇప్పుడు ఎవరి పత్రం తెరిస్తే వాళ్ళదే వస్తుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పెద్ద మార్పు కూడా కాదు, ఒక్క వరుస.

జూన్ 23, సోమవారం

పెనుకొండ బ్రాంచిలో పని. ప్యాసింజరు గంట ఆలస్యం. పక్క సీటు మనిషి హిందూపురం నుంచి పెనుకొండ దాకా వేరుశనక్కాయలు తిని, పొట్టు నా చెప్పుల మీద పోశాడు. ఏమప్పా అంటే, "గాలికి వచ్చిందిలేమ్మా" అన్నాడు. ఈ దేశంలో ఏ తప్పూ ఎవరూ చేయరు.

పదకొండుకి ఒక అమ్మాయి వచ్చి కంప్యూటర్ మేడమ్ ఎవరని అడిగింది. కావ్య. పెనుకొండలో అమ్మగారింటికి వచ్చి ఉందట. చిన్న మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా పేర్లు ఆ కంప్యూటర్లో నుంచి తీసేయండి మేడమ్. మా అమ్మది, అవ్వది, మాది, అందరివీ."

సరే తీసేస్తామన్నాను.

"ఆ కాగితం మా అవ్వ చేతికి ఎట్లొచ్చింది మేడమ్? మీరన్నా చెప్పండి."

"విచారిస్తున్నాం" అన్నాను. బెంగళూరులో నేర్చుకున్నవాటిలో ఇక్కడ పనికొచ్చింది ఈ ఒక్క మాటే.

"మూడేండ్లు గొడ్రాలని నన్నే అన్న్యారు. అంటే అననీలే అనుకొంటి. మొగుడు కాకముందు మామ గదా, నన్ను ఎత్తుకొని తిప్పినాడు. ఆయప్ప తలొంచుకుంటే నేను చూడలేను. ఇద్దరం ఒట్టేసుకొంటిమి, ఎవురికీ చెప్పగూడదని. ఇప్పుడు మగ్గం గుంతలో దిగినోడు ఎవురితోనూ మాట్లాడల్యా. అన్నం గూడా ఆడికే."

నేను స్క్రీన్ వైపు చూశాను. స్క్రీన్ మీద ఏమీ లేదు.

"రుక్సానక్క మా ఇంటి ముందరికి వచ్చి ఏడ్సింది మేడమ్. నేను చూపీలేదు అవ్వా అని. మా అవ్వ వినల్యా. వీధంతా వినేట్టు తిట్టింది. ఇప్పుడు ఆయక్కతో నీళ్ళ కొళాయి కాడ గూడా ఎవురూ మాట్లాడరు. ఆయక్క అట్లాంటిది కాదని నాకనిపిస్తాది. అయితే ఆ కాగితం యాడ నుంచి వచ్చిందని అడిగితే నేనేం చెప్పేది?"

వాళ్ళ పేర్లన్నీ ఆమె ఎదురుగానే తీసేశాను. థాంక్స్ అంది. నాకు, థాంక్స్.

జూన్ 25, బుధవారం

డేవిడ్ తప్పని డాక్టరమ్మకి కాగితం మీద చూపించాలనుకున్నాను. కోడ్‌లో ప్రతి వరుసకీ చరిత్ర ఉంటుంది, ఎవరు రాశారో, ఏ రోజు, ఏ నిమిషం. తెరిచాను.

ప్రింటు ఫామ్, డేవిడ్. నేను చెప్పినట్టే. దాని పైన అతను ఒక గమనిక రాసి పెట్టుకున్నాడు. "వచ్చినవన్నీ అచ్చవుతున్నవి. ఇంట్లోవారి రిపోర్టులు రాకుండా ఆటో లోడ్ ఒక అంచెకు తగ్గించవలెను. మేడమ్‌ను అడిగితిని, వద్దన్నారు. మళ్ళీ అడగవలెను." అచ్చం రక్తం సీసా మీద చీటీ అంటించినట్టు, తేదీతో సహా.

అంచెలు రెండు అన్న వరుస పక్కన నా పేరు ఉంది. జూన్ 5, సాయంత్రం నాలుగూ పది.

నమ్మలేదు. అతనే నా కంప్యూటర్ వాడి ఉంటాడనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఒక పావుగంట. తర్వాత ఈ డైరీ వెనక్కి తిప్పాను. "రెండు నేనే పెట్టాను, పది నిమిషాల్లో." నా చేతిరాత. ఇరవయ్యో తేదీన "రెండు అన్నది కూడా అతనే" అని రాసుకుంది కూడా నా చేతిరాతే. మధ్యలో పట్టుమని పది కాగితాలు కూడా లేవు.

పదకొండో తేదీ కూడా చదివాను. రుక్సానా ఏదో పెట్టింది, గట్టిగానే జవాబిచ్చాను, అని ఉంది. ఫోన్లో వెతికాను. మొన్న ఫోన్ నిండిపోయిందని పాత మెసేజ్‌లన్నీ చెరిపేశాను. ఏం రాశానో గుర్తు రావడం లేదు.

అది అబద్ధం. సగం గుర్తుంది.

జూన్ 26, గురువారం

డేవిడ్ టీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, రోజూ పెట్టినట్టే. ఇరవై రెండేళ్ళు రక్తం తీసిన చెయ్యి. రోజూ పెడుతున్నాడని ఈ రోజే గమనించాను.

జూన్ 28, శనివారం

ధర్మవరం వెళ్ళాను. స్టేషన్ నుంచి ఆటో. వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు. రుక్సానా ఇల్లు అడిగితే ఒకామె వేలుతో చూపించి మొహం తిప్పుకుంది.

వాళ్ళమ్మ మదార్‌బీ వాకిట్లో కూర్చుని కండెలు చుడుతోంది. చిన్న రాట్నం కుడిచేత్తో తిప్పుతూ, ఎడమచేత్తో పట్టుదారం ఆడిస్తూ. ఎవరని అడిగింది, చెప్పాను. "నువ్వేనా" అని మళ్ళీ రాట్నం తిప్పుకుంది.

రుక్సానా లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. మనిషి సన్నబడింది. వరస కలిపి పలకరించలేదు.

వచ్చిన పని చెప్పాను. తప్పు కోడ్‌దని, ఆ కోడ్ నేను రాసిందని, దాన్ని ఇరవయ్యో తేదీన తీసేశానని. రైల్లో ఇంకా బాగా చెప్పుకున్నాను నాలో నేను. ఇక్కడ మూడు వాక్యాలకే అయిపోయింది.

"నాకు తెలుసు" అంది.

"తెలిస్తే మరి మేడమ్‌కి ఎందుకు చెప్పలేదు? నువ్వు నాకు ముందే మెసేజ్ పెట్టావు కదా. అది చూపించి ఉంటే నీ ఉద్యోగం పోయేది కాదు."

ఆమె ఫోన్ తీసి నా చేతికిచ్చింది. అందులో ఇంకా ఉంది.

ఆమెది: "అక్కా ఒకరి రిపోర్టు ప్రింట్ కొడితే ఇంట్లోవాళ్ళ రిపోర్టులు గూడా వస్తాండాయి. రెండుసార్లు అయింది. నేను చూసి చించేసినా. జనం ఎక్కువ ఉండే రోజు చూసుకోలేకపోతే కష్టం అక్కా. రోంత సరిచెయ్యి."

దాని కింద నాది: "కాగితాలు లెక్కపెట్టుకోవడం కూడా నేనే నేర్పాలా? ఆ మాత్రం తెలివి లేనప్పుడు కౌంటర్లో ఎందుకు, ఇంట్లో కూర్చుని కండెలు చుట్టుకో. ఇలాంటివాటికి ఇంకోసారి నాకు మెసేజ్ పెట్టకు."

నాకు గుర్తులేదనుకున్న సగం అది.

"మా అమ్మ ఆ కండెలు చుట్టే నన్ను ఇంటర్ దాకా చదివిచ్చింది" అంది రుక్సానా. గొంతు తగ్గించి అంది, బయట వాళ్ళమ్మకి వినిపించకుండా. "మేడమ్‌కి చూపిచ్చల్లని రెండుసార్లు ఫోన్ తీసినా. నాది ఒక్కటే చూపిచ్చేకి కాదు గదా, కిందనే నీది ఉండాది. నన్ను ఎవురన్నా అంత మాట అన్న్యారని వాళ్ళందరికీ చూపిచ్చుకునేకి నామర్దా అనిపించింది. ఉజ్జోగం పోతే పోనీ అనుకొంటి."

నేను ఏదో అనబోయాను. క్షమించు అనే మాట నాకు అలవాటు లేదు, నోటికి రాలేదు. వచ్చి ఉంటే కూడా అది చాలా చిన్నదిగా వినిపించేది.

"మేడమ్‌తో మాట్లాడి మళ్ళీ పనిలోకి తీసుకునేట్టు చేస్తాను" అన్నాను.

"మేడమ్ సంగతి తర్వాత. నాలుగిండ్ల అవతల ఎల్లమ్మవ్వ ఉండాది. ఆయమ్మకి చెప్పు. ఈ వీధిలో నేను బతకల్ల."

జూన్ 30, సోమవారం

డాక్టరమ్మకి అంతా చెప్పాను. కోడ్ చరిత్ర చూపించాను, నేనడిగితే రుక్సానా పంపిన ఆ మెసేజ్‌ల ఫోటో చూపించాను. చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె లెక్క వేసుకుంటోంది.

"నువ్వు సరిచేసేసినావు గదా, ఇంక అయిపోయింది. ఇప్పుడు మనదే తప్పని బయటపెడితే మూడు ఊళ్ళలో ఎవరన్నా మన దగ్గర పరీక్షలు చేయించుకుంటారా? రుక్సానాని రెండు నెలలాగి పెనుకొండలో వేసుకుందాం. ఆ అమ్మాయికి పని దొరుకుతాది, నీ మనసూ కుదుటపడతాది. ఆ ఎల్లమ్మ ఇంటికి మాత్రం నువ్వు పోవద్దు. పోతే ఇంక ఇటు రావద్దు."

చెడ్డ ఏర్పాటేమీ కాదు. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. రుక్సానాకి ఉద్యోగం, ల్యాబ్‌కి పేరు, నాకు నా కుర్చీ. బయటికి వచ్చేసరికి దాదాపు ఒప్పేసుకున్నాను.

మధ్యాహ్నం దాకా డాక్టరమ్మను తిట్టుకుంటూ కూర్చున్నాను, పిరికిదని, వ్యాపారస్తురాలని. తర్వాత తట్టింది, పద్దెనిమిదో తేదీన ఆమె ఫోన్లో అడిగినప్పుడు నేను చేసింది కూడా ఇదే అని. ఆమె కనీసం మొహం మీద చెప్పింది.

డేవిడ్‌కి పాస్‌వర్డులన్నీ రాసిచ్చాను. "యాడికన్నా పోతాండారా మేడమ్?" అన్నాడు. "డేవిడ్ గారూ, ఒక అంచె చాలని మీరు చెప్పింది సరైనదే" అన్నాను. అతను కంగారుపడి లేచి నిలబడ్డాడు.

జూలై 1, మంగళవారం

పొద్దున ప్యాసింజరుకి ధర్మవరం. పది గంటలకి ఎల్లమ్మ ఇంట్లో ఉన్నాను.

పెద్దామె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను ముందే ఎందుకు ఊహించలేదో తెలీదు, ఆమె ముందు కూడా అదే చిన్న రాట్నం. ఒళ్ళో ఎర్రటి పట్టుదారం. ఈ వీధిలో ఆడవాళ్ళందరి ముందూ అదే ఉంటుందని నాకు తట్టలేదు. లోపలి గదిలో మగ్గం ఆడుతోంది. కావ్య పెనుకొండ నుంచి తిరిగి వచ్చినట్టుంది, నీళ్ళిచ్చి పక్కన నిలబడింది.

చెప్పాను. ఆ కాగితం రుక్సానా పెట్టింది కాదని, నేను రాసిన ప్రోగ్రాము దానంతటదే తెచ్చి పెట్టిందని. ఎల్లమ్మ రాట్నం తిప్పుతూనే విన్నది.

"మిషను దానంతటదే పెట్టిందా?"

"అవునవ్వా. నేను అట్ల రాశాను."

"సదువుకున్నోళ్ళు ఒకరినొకరు కాపాడుకుంటారు. ఆ పాప నిన్ను బతిమాలి పంపించిందేమో. నేనెట్ల నమ్మేది?"

ఫోన్ తీశాను. "తను నాకు వారం ముందే చెప్పింది. నేను వినలేదు. ఇదిగో, చదువుతాను" అన్నాను.

రుక్సానా మాటలు చదివాను. రెండుసార్లు వచ్చాయని, తానే చూసి చించేసిందని, సరిచెయ్యమని. అక్కడికి ఆపేయవచ్చు. ఆమెకి చదవడం రాదు. రుక్సానా నిర్దోషి అని తేలడానికి అంతవరకు చాలు. లోపల మగ్గం ఆగింది.

"దానికి నువ్వేమన్న్యావు?" అంది ఎల్లమ్మ.

చదివాను. తెలివి లేనప్పుడు అన్నచోట గొంతు తగ్గింది. కండెలు అన్నచోట ఇంకా తగ్గింది.

రాట్నం ఆగింది. ఆమె తన చేతిలోని కండెని చూసుకుంది, నన్ను చూసింది. కావ్య తల తిప్పుకుంది. ఓబులేసు గుంతలోంచి లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. గడ్డం పెరిగిన మనిషి.

"నా కాగితం ఇంగా ఆడ ఉండాదా?" అన్నాడు.

"లేదు. తీసేశాను."

అక్కడే నిలబడ్డాడు. అతనికి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఈసారి నోటికి వచ్చింది. తప్పు నాది అన్నాను.

"ఇంగోసారి సదువు" అంది ఎల్లమ్మ.

"ఏది అవ్వా?"

"నువ్వు రాసింది."

చదివాను.

"ఈడ కాదు. వాకిట్లోకి పోయి సదువు. ఇద్దరివీ సదువు. రుక్సానా ఇంటి దాకా ఇనపడల్ల. నేను ఆ పాపని తిట్టింది గూడా ఆడ నిలబడే తిట్టినా."

చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి వాకిట్లోకి వచ్చాను. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు చేతుల్లో దారం అలాగే పెట్టుకుని చూస్తున్నారు. నాలుగిళ్ళ అవతల మదార్‌బీ. గుమ్మంలోకి వచ్చి నిలబడిన రుక్సానా. మొదటినుంచి చదివాను. ఒక్క మాట మింగలేదు, గొంతు ఎక్కడా తగ్గించలేదు. ఇంట్లో కూర్చుని కండెలు చుట్టుకో, అన్నది వీధి చివరిదాకా వినిపించింది.

ఎల్లమ్మ నన్ను దాటుకుని వీధిలోకి దిగి, రుక్సానా ఇంటి వైపు నడిచింది. వీధి గుమ్మం దాకా వచ్చిన ఓబులేసు పక్కకి జరిగి, అక్కడున్న నా చెప్పులు నా వైపు వాకిట్లోకి తోశాడు.